అచ్చుకాని మూడు వాక్యాలు

సాంబమూర్తిగారు ఏడో అంతస్తు నుంచి తొమ్మిదో అంతస్తుకు మెట్లెక్కి వస్తూంటే ఆ చెప్పుల చప్పుడు భ్రమరాంబకు వంటింట్లోకి వినిపించేది. మొత్తం ముప్పయ్యారు మెట్లు. మధ్యలో ఆయన రెండుసార్లు ఆగుతారు. రెండోసారి ఆగినప్పుడు ఆమె స్టవ్ వెలిగిస్తే, ఆయన కుర్చీలో కూర్చునేసరికి కాఫీ గ్లాసు చేతిలో పెట్టవచ్చు. భర్త రైలెక్కి ఆఫీసుకూ, కూతురు స్కూలుకూ వెళ్లిపోయాక, సింగపూర్ బెడోక్‌లోని ఆ అద్దె ఫ్లాట్‌లో ఆమె రోజు అలా మొదలయ్యేది. కాఫీ అయ్యాక పేపరు. ఆయన కళ్లకు వెలుతురూ, మనుషుల ఆకారాలూ తప్ప అక్షరాలు ఆనవు. ఆమె చదవాలి, ఆయన వినాలి.

ఆయన భార్య సూరమ్మ పోయిన తరువాత కూడా ఆ పద్ధతి మారలేదు. మారిందల్లా ఆ చప్పుడు. ఆయన చెప్పుల వెనకాల ఇంకో జత చెప్పులు మెత్తగా ఎక్కుతున్నట్టు, ఆయన ఆగితే అవీ ఆగుతున్నట్టు భ్రమరాంబకు అనిపించేది. సిమెంటు గోడల మధ్య ప్రతిధ్వని అని తనకు తనే చెప్పుకుంది. నాలుగేళ్లుగా ఇదే ఇంట్లో ఉంటూ ఆ ప్రతిధ్వని ఇంతకుముందు ఎప్పుడూ ఎందుకు వినలేదో మాత్రం చెప్పుకోలేకపోయింది.

ఆ బ్లాకు పాతది. లిఫ్టు ఒకటో, అయిదో, తొమ్మిదో అంతస్తుల్లో మాత్రమే ఆగుతుంది. మధ్యవాళ్లు పైకో కిందికో ఒకటి రెండంతస్తులు నడవాల్సిందే. భ్రమరాంబ వాళ్లది తొమ్మిదో అంతస్తు కాబట్టి ఆ బాధ తెలియలేదు. సూరమ్మకు తెలుసు. వారానికి రెండుసార్లు మార్కెట్ సంచులు అయిదో అంతస్తు నుంచి ఏడో అంతస్తుకు మోసుకెళ్లేది. వీళ్లు ఇంట్లో దిగిన రెండో రోజునే కాకరకాయ కారం గిన్నెతో వచ్చి, "మనోల్లంట గదా, పేరు సూసి ఒచ్చినాను" అంది. ఆమె ఎప్పుడూ నొప్పి తైలం వాసన వేసేది. మోకాళ్లకు పొద్దున్నా సాయంత్రమూ అదే రాసుకునేది.

సాంబమూర్తిగారి తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఈయన తోటలోనే పుట్టి, తోటలోనే సూరమ్మను చేసుకుని, సింగపూర్ వచ్చి హార్బరులో సరుకు లెక్క రాసే టాలీ క్లర్కుగా రిటైరయ్యారు. పిల్లల్లేరు. ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు. నాయనమ్మ వదిలిపెట్టి పోయిన తెలుగు అలాగే ఉంది, దాన్లో అక్కడక్కడ మలయ్ మాటలు ఇరుక్కుని ఉంటాయి. ఇంగ్లీషు మాత్రం కొలిచినట్టు రాస్తారు. ముప్పయ్యేళ్లుగా పేపరుకు ఉత్తరాలు రాస్తున్నారు. మురుగుకాలువ మీద, బస్టాపు నీడ మీద, క్లినిక్‌లో క్యూ మీద రాసినవి కొన్ని పడ్డాయి. ఎందుకిలా నిర్ణయించారు, ఎవరు నిర్ణయించారు అని అడిగినవి పడలేదు. పడనిదానికి ఆయన ఆశ్చర్యపోరు. "మన పని రాయటం అమ్మీ, ఆల్ల పని పారీటం" అని నవ్వేవారు.

సూరమ్మకు గుండె నొప్పి వచ్చింది పట్టపగలు, మంగళవారం పదకొండు గంటలకు. అంబులెన్స్ ఏడు నిమిషాల్లో వచ్చింది. లిఫ్టు అయిదో అంతస్తులో ఆగింది. కుర్రాళ్లు ఇద్దరూ స్ట్రెచర్ పట్టుకుని రెండంతస్తులు పరుగున ఎక్కారు. ఎక్కడం తేలికే అయింది. దింపేటప్పుడు ఏడుకూ ఆరుకూ మధ్య మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. వెనక్కి లాగారు, పక్కకు వంచారు, చివరికి ఆమెను పట్టీలతో కట్టి దాదాపు నిలువుగా నిలబెట్టారు. సాంబమూర్తిగారు కింద మెట్టు మీద నిలబడి ఆమె పాదాలు పట్టుకున్నారు. ఆ పాదాలు తన చేతుల్లోనే చల్లబడ్డాయని ఆయన ఒక్కసారే చెప్పారు, మళ్లీ ఎత్తలేదు.

నెల దాటాక ఒక ఉదయం, పేపరు చదవడం అయిపోయాక, ఆయన లేవలేదు.

"కంపూటర్ తియ్యి అమ్మీ. రాయాల."

భర్త వీరభద్రరావు ఆఫీసు పని కోసం కొన్న కంప్యూటర్ అది. రెండువేల సంవత్సరం వస్తే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం మీద అతనికి ఇక్కడ ఉద్యోగం దొరికింది. ఆ సంవత్సరం వచ్చి, ఏదీ ఆగకుండా సగానికి గడిచింది, ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు శాశ్వత నివాసానికి, అంటే పీఆర్ కు, దరఖాస్తు పెట్టుకుని కూర్చున్నారు.

సాంబమూర్తిగారు ఇంగ్లీషులో మూడు వాక్యాలు చెప్పారు. ఎక్కడా తడుముకోలేదు. చీకట్లో కూర్చుని ఎన్నిసార్లు దిద్దుకున్నారో మరి. భ్రమరాంబ టైపు చేసి, ఆయనకు చదివి వినిపించింది.

మా బ్లాకులో లిఫ్టు మూడు అంతస్తుల్లోనే ఆగుతుంది. నా భార్యను ఏడో అంతస్తు నుంచి అయిదో అంతస్తుకు దింపడానికి పదకొండు నిమిషాలు పట్టింది. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేలా చేయమని ఆరేళ్లలో నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది కాబట్టి, ఆ పరిశీలించినవారెవరో, వారు ఏమి చూశారో నాకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

"ఇంతేనా అంకుల్?"

"ఇంకేటి గావాల?"

భ్రమరాంబ కాకినాడలో బి.ఏ. చదివింది. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో నేర్పిన మేడమ్ మాటలు ఇంకా గుర్తున్నాయి. వచ్చీ రాగానే అడిగేస్తే అవతలివాళ్లు తలుపు మూసేస్తారని ఆమెకు అనిపించింది.

"ముందు అంబులెన్స్ వాళ్లకి రెండు ముక్కలు థాంక్స్ చెబుదాం. పాపం వాళ్లు మర్యాదగానే ఉన్నారు కదా. ఆ తర్వాత అడిగితే కాదనలేరు."

"కుర్రోల్లు సెమటలు కక్కీసినారు, నిజిమే. గానీ థాంక్సులు సెప్పటానికా నాను రాత్తంట?"

"పైన పంచదార పూత అనుకోండి."

"మందుబిల్లకా?" సూరమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. "సరే, నీ సదువు నీది. రాయి. గానీ ఒక్క మాట. ఏత్తే మొత్తం ఏసీమను. ముక్కలు సేత్తే అసలొద్దను. అల్లా కింద రాసీయ్."

ఆమె అయిదు వాక్యాల కృతజ్ఞత రాసింది. అంబులెన్స్ త్వరగా రావడం, కుర్రాళ్ల ఓపిక, ఆపద వేళ వాళ్లు చూపిన ఆదరం. చక్కగా కుదిరింది. చదువుకుని కొంచెం మురిసిపోయింది కూడా. ఉత్తరం కింద ఆయన పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నంబరు పెట్టింది. అవి లేకపోతే పేపరువాళ్లు ముట్టుకోరు. వేసేముందు ఫోన్ చేసి రాసినవారిని ఒకమాట అడుగుతారు. ఆయనకు ఫోన్‌లో మాట సరిగా వినపడదు. అందుకని తమ ఇంటి నంబరు ఇచ్చి, పక్కన 'మిసెస్ రావు ద్వారా' అని రాసి పంపింది.

సాయంత్రం ఈ సంగతి విని వీరభద్రరావు తింటున్న ముద్ద ఆపేశాడు.

"మన నంబరిచ్చావా?"

"ఆయనకి వినపడదు కదండీ."

"వినపడకపోతే చెవి మిషను కొనుక్కోమను. మన కాగితాలు అక్కడెవడి టేబుల్ మీదో ఉన్నాయి, భ్రమరా. ఆ టేబుల్ వాడు పొద్దున్నే ఏ పేపరు చదువుతాడో నీకు తెలుసా?"

"లిఫ్టు ఆగట్లేదని రాస్తే పీఆర్ ఆపేస్తారా?"

"ఆపుతారని నేనన్నానా? ఎవరూ ఏమీ అనరు. అదే కదా ఇక్కడ. ఎవరూ ఏమీ అనరు, ఉత్తరం వస్తుంది, 'చింతిస్తున్నాము' అని. ఎందుకో ఉండదు." ముద్ద నోట్లో పెట్టుకుని, కూతురి వైపు తిరిగి, "మీ అమ్మ పోస్టుమాస్టరైంది" అన్నాడు.

సుస్మితకు పదేళ్లు. "దెన్ అమ్మ గెట్ శాలరీ ఆర్ నాట్?" అని అడిగింది. ముగ్గురూ నవ్వారు. ఆ రాత్రి భ్రమరాంబకు మాత్రం ఎవరిదో ముఖం లేని టేబుల్ ఒకటి చాలాసేపు కనిపించింది.

మూడో రోజు పదకొండు దాటాక ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి గొంతు. ఎంత మర్యాదగా ఉందంటే, బ్యాంకు నుంచేమో అనుకుంది భ్రమరాంబ.

ఉత్తరం చాలా బాగుందని చెప్పింది ఆ అమ్మాయి. రేపే వేస్తున్నారట. మొదటి భాగం మాత్రమే వేస్తారట. రెండో భాగం తీసేస్తున్నారట, స్థలం చాలదు కనుక. మిస్టర్ సాంబమూర్తికి అభ్యంతరం ఉండదు కదా?

ఉంటుంది అనాలి. ఆయన చెప్పింది అదే. ముక్కలు చేస్తే అసలొద్దు. ఆ మాటను ఆమె తన చేత్తోనే ఉత్తరం కింద టైపు చేసింది. అవతలి అమ్మాయి దాన్ని చదివే ఉంటుంది, చదివి కూడా అడుగుతోంది. భ్రమరాంబ నోరు తెరిచింది. అదే క్షణంలో అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "మీరు మిసెస్ రావు కదా? మీరు కూడా అదే బ్లాకా?" అని అడిగింది ఆ అమ్మాయి. ఊరికే, మాట కలపడానికి అడిగినట్టు.

"అవును" అంది భ్రమరాంబ. తరువాత, "సరే, అభ్యంతరం లేదు" అంది.

ఆ అమ్మాయి థాంక్యూ చెప్పింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

రిసీవర్ పెట్టేశాక ఆమె తనకు తాను చాలా చెప్పుకుంది. ఏదో ఒకటి పడితే ఆయన పేరైనా కనిపిస్తుంది. ఇది పడ్డాక ఇంకోటి రాయవచ్చు. అసలు పడకపోవడం కంటే నయం. అన్నీ బాగానే ఉన్నాయి. కూరలు ముందేసుకుని మళ్లీ మళ్లీ చెప్పుకుంది. వంకాయలు నల్లబడిపోయేదాకా కత్తి ఆగే ఉంది.

మరునాడు ఉదయం పేపరు తీసుకుని నేరుగా ఉత్తరాల పేజీ తెరిచింది. 'అంబులెన్స్ సిబ్బందికి ఒక భర్త కృతజ్ఞతలు' అని శీర్షిక. కింద తన అయిదు వాక్యాలు, ఒక్క కామా కూడా మారకుండా. ఆ కింద సాంబమూర్తి అని ఆయన పేరు. ఆమె ఇంకోసారి చూసింది. అచ్చులో ఉన్నవి మొత్తం తన మాటలు. ఆయన మాట ఒక్కటి లేదు. పక్కనే, చెట్ల మీద మైనాపిట్టలు సాయంత్రాలు గోల చేస్తున్నాయని ఎవరో రాసిన ఉత్తరం రెండు కాలమ్‌లు పరుచుకుని ఉంది.

మెట్ల మీద చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. ఆగింది. ఆమె స్టవ్ వెలిగించడం మరిచిపోయింది.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. "పడ్డాదేటి?"

"పడింది అంకుల్."

"మొత్తమా?"

చెప్పెయ్యాలనే కూర్చుంది. ముందు ఉన్నది చదివి, ఆపైన చెబుదామనుకుంది. అయిదు వాక్యాలూ చదివి ఆగింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల ఒకవైపుకు వంచి, వింటున్నారు. ఆమె ఆగడం చూసి, ఊపిరి తీసుకుంటోందనుకున్నారు కాబోలు, తన మొదటి వాక్యంలోని మొదటి మాటను పెదవులతో తనే కదిపారు. పిల్లలకు పద్యం అందించినట్టు.

భ్రమరాంబ చదివింది. కళ్లు మైనాపిట్టల ఉత్తరం మీద వరసగా పరుగెడుతూంటే, నోరు లిఫ్టు గురించి, పదకొండు నిమిషాల గురించి, నాలుగు జవాబుల గురించి తప్పు లేకుండా చెప్పింది. అన్నీ కంఠతా వచ్చేశాయని అప్పుడే తెలిసింది.

"మల్లా సదువు" అన్నారాయన.

మళ్లీ చదివింది.

"హెడ్డింగేటి పెట్టినారు?"

"ఏడో అంతస్తులో లిఫ్టు ఎప్పుడు ఆగుతుంది, అని."

"బాగుంది" అన్నారు. కాసేపటికి, "సాలా బాగుంది" అని, కాఫీ అడగకుండానే లేచి వెళ్లిపోయారు. తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "దానికి సెప్పాల" అన్నారు.

ఆ పేపరులో ప్రభుత్వం గురించి ఏ ఉత్తరం పడినా వారం పది రోజుల్లో సంబంధిత శాఖ నుంచి జవాబు పడుతుంది. అది అక్కడి ఆనవాయితీ. ముప్పయ్యేళ్లుగా ఆయనకు తెలిసిన ఆనవాయితీ. అందుకని మరునాటి నుంచి ఆయన వార్తలు చదవమనడం మానేశారు. ఉత్తరాల పేజీ ఒక్కటే.

"ఒచ్చిందా?"

"లేదు అంకుల్."

"ఇయాల నాలుగో రోజే గదా. పెద్దాఫీసరు సంతకం ఎట్టాల. ఆయన కింద ఇంకోడు సూడాల. బెలుమ్ లాగీ, అంతే."

బెలుమ్ లాగీ అంటే ఇంకా కాలేదని. సూరమ్మ కూడా అన్నం ఉడికిందా అంటే అదే మాట అనేది.

మధ్యాహ్నాలు ఆమె వసారాలో కట్టలు కట్టి పెట్టిన పాత పేపర్లు విప్పింది. అయిదు వారాల ఉత్తరాల పేజీలు ఒకదాని పక్కన ఒకటి నేల మీద పరిచింది. ఫుట్‌పాత్ మీద పలక ఊడిందన్న ఉత్తరం ఉంది, పలక మార్చామన్న జవాబు ఉంది. బస్సు ఆలస్యమన్న ఉత్తరం ఉంది, చింతిస్తున్నామన్న జవాబు ఉంది. ఎందుకు, ఎవరు అన్న మాటలతో మొదలైన ఉత్తరం ఒక్కటీ కనిపించలేదు. కృతజ్ఞతలు మాత్రం వారానికి నాలుగైదు ఉన్నాయి. కొన్ని కృతజ్ఞతలు మరీ పొట్టిగా, చివరి వాక్యం దగ్గర తెగిపోయినట్టు ఉన్నాయి. వీటి కింద కూడా ఏవో వాక్యాలు ఉండేవా? వాటి కోసం కూడా ఎవరో ఫోన్ చేశారా? ఎవరో సరే అన్నారా? ఆ నేల నిండా నోరు కట్టేసిన మనుషులు పడుకుని ఉన్నట్టు అనిపించి, కాళ్లు తగలకుండా పక్కనుంచి నడిచి, పేపర్లన్నీ మళ్లీ కట్టేసింది.

ఎనిమిదో రోజు సుస్మిత స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేస్తూ, "అమ్మా, సెవెంత్ ఫ్లోర్ అంకుల్ స్టెయిర్స్‌లో కూర్చుని టాకింగ్ లా" అంది.

"నువ్వు మెట్ల వైపు ఎందుకెళ్లావు?"

"లిఫ్ట్ స్పాయిల్. ఐ వాక్ అప్. హి సే మూవ్ ఎ బిట్, గర్ల్ వాంట్ టు పాస్. బట్ నాట్ టు మీ. నోబడీ దేర్, అమ్మా."

భ్రమరాంబ పిల్లకు పాలు కలిపి ఇచ్చింది.

పదో రోజు ఆయన రాలేదు. పప్పూ చారూ డబ్బాల్లో పెట్టుకుని ఆమె మెట్లు దిగింది. ఏడో అంతస్తులో ఆయన తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. ఆరో అంతస్తు వైపు వంగి చూసింది. మలుపు దగ్గర మెట్టు మీద ఆయన కూర్చుని ఉన్నారు, గోడ వైపు జాగా వదిలి. ఆ గోడ మీద నడుమెత్తున నల్లటి గీత ఉంది. స్ట్రెచర్ రబ్బరు రాసుకున్న గీత. అక్కడ నొప్పి తైలం వాసన వస్తోంది. ఆయన కూడా రాసుకోవచ్చు, ముసలాయన, మోకాళ్లు నొప్పులే కదా అనుకుంది.

"ఇక్కడ కూర్చున్నారేం అంకుల్? మెట్టు చల్లగా ఉంటుంది."

"సూరి కిందికి దిగదు అమ్మీ. పైకి రాదు. ఆ రోజు నిలబెట్టినారు గదా, అల్లా ఉండిపోనాది. రోజూ అడుగుతంది, ఎందుకు నిలబెట్టినావయ్యా అని. నాకేటి తెలుసు? తెలిసినోల్లని అడిగినానే, పేపర్లో ఏసినారే, జవాబొచ్చీదాకా ఉండు అన్నాను." ఆమె వైపు ముఖం తిప్పి, చూపు ఆనని కళ్లతో చూశారు. "జవాబొచ్చీత్తే ఎల్లిపోద్ది."

భ్రమరాంబ డబ్బాలు ఆయన పక్కన పెట్టి, పైకి వచ్చేసింది. ఎక్కుతున్నంతసేపూ వెనకాల మెత్తని చెప్పుల చప్పుడు లేదు. లేకపోయేసరికి ఇంకా భయం వేసింది.

పన్నెండో రోజు జవాబు పడింది.

రెండే వాక్యాలు. మిస్టర్ సాంబమూర్తి చెప్పిన ఆదరపూర్వకమైన మాటలకు మా శాఖ ధన్యవాదాలు తెలుపుతోంది. వాటిని సంబంధిత సిబ్బందికి అందజేశాము. కింద ప్రజా సంబంధాల డైరెక్టర్ పేరు.

ఆమె దాన్ని ముందేసుకుని కూర్చుంది. ఇంకో జవాబు చెప్పవచ్చు. అది ఎంత సులువో ఆమెకు తెలుసు. ఏడో అంతస్తు విషయం పరిశీలించిన అధికారి ఫలానా, ఆయన చూసినది ఫలానా, జరిగినదానికి చింతిస్తున్నాము, వచ్చే సంవత్సరం నుంచి లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతుంది. నాలుగు వాక్యాలు చాలు. ఆయన కిందికి వెళ్లి చెబుతారు. చెబితే, ఎవరికి తెలుసు, ఆ మలుపు ఖాళీ అవుతుందేమో. కాగితం మీద లేనిది ఇప్పటికే ఒకసారి చదివింది. రెండోసారికి నాలుక ఇంకా బాగా తిరుగుతుంది.

మెట్ల మీద చప్పుడు. ఆయన ఈసారి ఎక్కడా ఆగకుండా వచ్చారు.

"ఒచ్చింది గదూ? రాత్రి దానికి తెలిసిపోనాది, పొద్దున్నే లేపీసింది."

"వచ్చింది అంకుల్."

ఆయన కూర్చోలేదు. చొక్కా కింది అంచు సరిచేసుకుని, చేతులు పక్కలకు ఆనించి నిలబడ్డారు. ఆఫీసులో పెద్దదొర తన పేరు పిలిచి కాగితం చదువుతుంటే నలభై ఏళ్లు టాలీ క్లర్కు ఎలా నిలబడి విన్నాడో, అలా.

భ్రమరాంబ నోట్లోకి వచ్చిన నాలుగు వాక్యాలూ అక్కడే ఆగిపోయాయి. అలా నిలబడినవాడి ముందు ఆమె వల్ల కాలేదు. ఉన్న రెండు వాక్యాలూ ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టు చదివింది. డైరెక్టర్ పేరుతో సహా.

"ఆదరపూర్వకమైన మాటలా?" అన్నారాయన. "ఏ మాటలు? నాను అడిగిందానికి ఏటి సెప్పినారు?"

"మీరడిగింది అందులో పడలేదు అంకుల్. థాంక్స్ ఒక్కటే పడింది. నేను రాసింది. మీది తీసేశారు."

"నువ్వు సదివినావు గదా?"

"నాకు కంఠతా వచ్చినది చదివాను."

ఆయన తల వంచి విన్నారు, ఆమె ఇంకా చదువుతున్నట్టు. "మొత్తం ఏత్తే ఏసీమన్నాను. అడక్కుండా ఏసీరా?"

ఇక్కడ కూడా ఒక దారి ఉంది. అడక్కుండానే వేసేశారు అనవచ్చు. అదైతే పేపరు మీదికి పోతుంది, ఎవరూ వెళ్లి కనుక్కోరు.

"అడిగారు. ఫోన్ చేశారు. నేను సరే అన్నాను."

"నా పేరు మీద?"

"మీ పేరు మీద. మా కాగితాలు ఇంకా తేలలేదు అంకుల్. నేను కూడా ఇదే బ్లాకా అని అడిగిందా అమ్మాయి. భయపడ్డాను." పేపరు మడిచింది. "నా పేరుతో ఇంకో ఉత్తరం రాస్తాను. మీ మూడు వాక్యాలూ అలాగే."

"రాత్తావు" అన్నారాయన. కోపం లేదు. క్లర్కు లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది గొంతు. "మల్లా ఫోన్ సేత్తాది ఆ పిల్ల. అప్పుడేటంటావు?"

భ్రమరాంబ ఫోన్ వైపు చూసింది.

ఆయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగారు. ఆమె గుమ్మంలో నిలబడి వింటోంది. ఏడో అంతస్తులో చప్పుడు ఆగలేదు. ఇంకా కిందికి వెళ్లింది. అప్పుడు ఆమె తలుపు దగ్గరకు కూడా వేయకుండా వెంట దిగింది.

ఆయన ఆ మలుపులో కూర్చోలేదు. గోడ మీది నల్లగీతకు ఎదురుగా, రెండు మెట్లు కింద, నిలబడి ఉన్నారు. చేతులు ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టి ఉన్నాయి, వాటిలో ఏదో బరువు మోస్తున్నట్టు.

"సూరీ" అన్నారు. పెదవులు కదిలాయి, ఆగాయి. తల అడ్డంగా ఊపి, పైకి ముఖమెత్తి, "నాను సెప్పలేను అమ్మీ. ఆల్లకి నాను దండాలెట్టినానని దీనికి ఏ నోటితో సెప్పీది? నువ్వు సెప్పు" అన్నారు.

"అంకుల్..."

"నీకు ఇంగ్లీసూ ఒచ్చు, తెలుగూ ఒచ్చు. సెప్పు. ఇక్కడే ఉంది."

భ్రమరాంబకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా గోడ పట్టుకుంది. వేళ్లకు ఆ రబ్బరు గీత గరుకుగా తగిలింది. తైలం వాసన ఇప్పుడు ఆయన ఉన్న దిక్కు నుంచి రావడం లేదు.

"ఆంటీ" అంది. మెట్ల మధ్య ఆ మాట ఎంత పెద్దగా వినిపించిందంటే, ఏ తలుపైనా తెరుచుకుంటుందేమోనని భయపడి ఆగింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. "ఆంటీ, అంకుల్ మీ గురించి అడిగారు. మిమ్మల్ని ఇక్కడ ఇలా ఎందుకు నిలబెట్టాల్సి వచ్చిందో చెప్పమని అడిగారు. ఆయన ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. అది నేను రాశాను. ఆయన అడిగింది తీసేస్తాం అంటే నేను సరేనన్నాను. ఆయన వద్దన్నా అన్నాను. పడిందని ఆయనకి అబద్ధం చదివాను. ఇంక జవాబు రాదు."

కింద అయిదో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఎవరూ పైకి రాలేదు. సాంబమూర్తిగారు చాచిన చేతులు దించలేదు. తల ఒకవైపుకు వంచి, రోజూ పేపరు వినేటప్పటిలా, వింటున్నారు. ఆయన ముఖంలో ఏదో మారుతోంది. అది కోపమో, ఊరటో భ్రమరాంబకు అంతు చిక్కలేదు.

"ఏమంటోంది అంకుల్?"

ఆయన ఇంకోసారి విని, సరిచూసుకుని, అప్పుడు చెప్పారు.

"నిన్ను కూకోమంతంది."

భ్రమరాంబ గోడ వైపు జాగా వదిలి మెట్టు మీద కూర్చుంది.